ఎనిమిది చుక్కల బల్బు

మాచవరం
2025 మే 11, ఆదివారం

అమ్జద్‌కి,

నాలుగు రోజుల్లో పదకొండు సార్లు ఫోన్ చేశాను. ఎత్తవు. ఒక్కసారి ఎత్తి "అక్కా, మీటింగులో ఉన్నా" అని పెట్టేశావు. ఉత్తరానికి మీటింగు అడ్డం రాదుగా! కూర్చుని మొత్తం చదువు. మధ్యలో కట్ చేయడానికి ఇందులో బటన్ లేదు.

డిసెంబరులో నువ్వు ట్రాన్స్‌పోర్టులో పంపించిన మీ కంపెనీ తొమ్మిది వాట్ల బల్బులు నూట నలభై అమ్మాను. "మా తమ్ముడు పనిచేసే కంపెనీ, కళ్లు మూసుకుని తీసుకోండి" అని మరీ అమ్మాను. పెట్టె మీద ఇరవై అయిదు వేల గంటలు అని అచ్చేశారు. రోజుకి ఆరు గంటలు వెలిగించినా పదకొండేళ్లు వస్తుందని నేనే లెక్క కట్టి అందరికీ చెప్పాను. నా నోరు ఊరుకోదు కదా. నాలుగు నెలలు తిరిగేసరికి అరవై మూడు పోయాయి.

నేను ఎట్లా అమ్ముతానో నీకు తెలుసు. నా దగ్గర గ్యారంటీ కార్డులు ఉండవు. బల్బు మెడ మీద మార్కరుతో నెల, సంవత్సరం రాసి, పక్కన నా పేరులో మొదటి అక్షరం వేసి ఇస్తాను. రెండేళ్లలోపు పోతే అది చూపించి ఇంకోటి పట్టుకుపోవచ్చు. నాన్న బతికున్నప్పుడు బాగుచేసిన ప్రతి రేడియో వెనకా తారీకు రాసిన కాగితం అంటించేవాడు, నేను బల్బు మీద రాస్తున్నాను. ఇచ్చిన మాట ప్రకారం అరవై మూడింటికీ వేరే బల్బులు ఇచ్చేశాను. అక్కడితో అయిపోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

మన షాపు గది నాగేశ్వరరావు బాబాయ్‌ది కదా. వాళ్లావిడ ఆదిలక్ష్మమ్మ పిన్ని పద్నాలుగు బల్బులు తీసుకుంది. తను తీసుకోవడమే కాదు, వాళ్ల వీధిలో అందరి చేతా కొనిపించింది. మొన్న వచ్చి షాపు ముందు నిలబడి ఒకటే కేకలు.

"ఏమే జుబేదా, తెరిచి అతికిన పాత బల్బులు కొత్తవని మా నెత్తిన రుద్దావా? నా మాట మీద వీధి వీధంతా కొన్నారే! ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఆమెకి ఆ అనుమానం ఎందుకొచ్చిందో చెప్పనా? నేను పోయిన బల్బులు బాగుచేస్తాను కదా, బల్ల మీద ఎప్పుడూ మూతులు ఊడదీసిన బల్బుల గుట్ట ఉంటుంది. అది చూసింది. ఇంకేముంది, వాటినే పెట్టెల్లో పెట్టి అమ్ముతున్నానని తేల్చేసింది. సాయంత్రానికి సెంటర్లో ఆ మాటే, టీ కొట్టు దగ్గరా ఆ మాటే.

మర్నాడు బాబాయ్ వచ్చాడు. "చూడమ్మా, పాతవి కొత్తవని ఇచ్చాను, పొరపాటైందని నలుగురి ముందూ ఒక్క మాట అను. అయిపోద్ది. అననంటావా, జూన్ ఆఖరికి గది ఖాళీ చెయ్యి. ఇంట్లో మీ పిన్ని పోరు పడలేకపోతున్నా" అన్నాడు.

"బాబాయ్, చేసిన తప్పు అడుగు, ఒప్పుకుంటా. చేయనిది మాత్రం నా నోట రాదు" అన్నాను.

అననురా. గది పోతే పోనీ. ఇరవై ఆరేళ్లు నాన్న కూర్చున్న చోట నేను దొంగనని చెప్పి ఇంకో ఇరవై ఆరేళ్లు కూర్చోవాలా?

ఇప్పుడు నువ్వు చెప్పాల్సింది ఒక్కటే. ఆ బల్బుల్లో ఏముంది? నీ సంతకం లేకుండా పెట్టె గేటు దాటదని పోయిన రంజాన్‌కి వచ్చినప్పుడు గొప్పలు పోయావుగా. సంతకం పెట్టినోడికి తెలియకుండా ఉండదు.

కోపం తగ్గని మీ అక్క
జుబేదా


హైదరాబాద్
మే 20

అక్కా,

ఉత్తరం అందింది. ఫోను ఎత్తనందుకు తిట్టు, పడతాను. ఈ ఫోను కంపెనీ ఇచ్చింది. లోపల విషయాలు దాంట్లో మాట్లాడాలంటే నాకు భయం. నువ్వన్నట్టు ఉత్తరమే నయం.

నువ్వు అడిగినదానికి జవాబు. ఎల్‌ఈడీ బల్బు అంటే అందరూ లోపలి పసుపు చుక్కలనే అనుకుంటారు. ఇరవై అయిదు వేల గంటలు అనేది ఆ చుక్కల లెక్క. అది కూడా చల్లటి గదిలో, నిలకడైన కరెంటు మీద కొలిచింది. చుక్కల వెనక ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. అందులో కెపాసిటర్ ఉంటుంది, అది వేడికి లోపల ఎండిపోతుంది. చుక్కలు బాగానే ఉన్నా అది పోతే బల్బు పోయినట్టే. మన వైపు ఎండ నీకు నేను చెప్పాలా? మే నెలలో రెంటచింతల పేరు పేపర్లో రాని రోజు ఉండదు. రేకుల ఇంట్లో పైకప్పు కింద బల్బు ఉన్న చోట ఎంత వేడి ఉంటుందో ఆలోచించు. దానికి తోడు పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి ఆగితే వోల్టేజీ ఎగిరిపడుతుంది. ఏ కంపెనీ బల్బు మాత్రం ఎంతకని తట్టుకుంటుంది?

ఇంకోటి అడుగుతాను. వాళ్లు బల్బులకి మూతలు గానీ, డూములు గానీ పెట్టారా? గాలి ఆడకపోతే తొందరగా పోతాయి. పెట్టె మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది.

అక్కా, నా మాట విను. బాబాయ్ అడిగింది ఒక్క మాటే కదా. అనేస్తే పోయేదేముంది? నాలుగు రోజులు గుసగుసలాడుకుని మర్చిపోతారు. నాన్న గది మనకి మిగులుతుంది. నువ్వు పంతానికి పోతే ఆ గది మళ్లీ దొరకదు. మాచవరం సెంటర్లో అంత మంచి చోటు ఇంకెక్కడుంది?

రషీదాకి ఏడో నెల. కాళ్లు వాస్తున్నాయి. నిన్ను అడిగానని చెప్పమంది.

అమ్జద్


మాచవరం
జూన్ 3

ఒరేయ్ అమ్జద్,

"ఒక్క మాట అనేస్తే పోయేదేముంది" అన్నావు చూడు, ఆ లైను దగ్గర ఉత్తరం ముడిచి అవతల పడేశాను. మళ్లీ నేనే పోయి తీసుకుని, సాపు చేసుకుని చదివాను. పోయేదేముందట! నీ పేరు కాదుగా పోయేది. నువ్వు హైదరాబాదులో కూర్చుని నా చేత దొంగతనం ఒప్పిస్తావా?

సరే, తిట్లు తర్వాత. నువ్వు చెప్పినవి నిజమో కాదో తేల్చాలని పది రోజులు అదే పని మీద తిరిగాను. మల్టీమీటరు సంచీలో వేసుకుని పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టేవేళ పన్నెండు ఇళ్లలో వోల్టేజీ చూశాను. నువ్వు చెప్పింది నిజమే. మోటార్లు ఆగగానే రెండు వందల డెబ్భై దాకా పోతోంది. వేడి సంగతీ నిజమే. రేకుల ఇంట్లో బల్బు పక్కన చెయ్యి పెట్టి చూశాను, వెంటనే లాక్కున్నాను.

మూతల సంగతి అడిగావే, అది చదివి తల పట్టుకున్నాను. ఎందుకో చెప్తాను, నవ్వకు.

జనవరిలో మిర్చి కోతలప్పుడు దీపం చుట్టూ పురుగులు ఎట్లా మూగుతాయో నీకు తెలుసుగా. కంచంలో పడతాయి, పసిపిల్లల ఒంటి మీద పడతాయి. అందరూ నన్ను అడిగారు. నేనే కనిపెట్టాను ఉపాయం. ఊరగాయ సీసా మూతకి చిల్లు పెట్టి, హోల్డరుకి బిగించి, బల్బు మీద సీసా తిప్పి, చుట్టూ ఎం-సీల్ పెట్టేశాను. ఒక్క పురుగు దూరదు. ఊళ్లో యాభై రెండు ఇళ్లకి నా చేత్తో బిగించాను. ఎంత బాగా చేశావే అని మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. పురుగు దూరకపోతే గాలి మాత్రం ఎక్కడ దూరుతుంది? ముప్ఫై ఏళ్లుగా సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నదాన్ని, ఆ మాత్రం తట్టలేదు. నా బుద్ధి గడ్డి తింది.

పోయిన అరవై మూడూ నా దగ్గరే ఉన్నాయి. ఏది ఎవరింటిదో, సీసాలో ఉన్నదో లేదో రాసుకున్నాను. ముప్ఫై ఎనిమిది సీసాల్లోవి. అవి నా ఖాతా. ఎవరు అడిగినా చెప్తాను, నాకేం సిగ్గు లేదు.

మిగతా ఇరవై అయిదు మాటేంటి? అవి సీసాల్లో లేవు. వరండాల్లో, గాలి ధారాళంగా తగిలే చోట ఉన్నవి. అదే ఇంట్లో, అదే వరండాలో, పక్క హోల్డర్లో నాలుగేళ్ల నాటి వేరే కంపెనీ బల్బు ఇంకా వెలుగుతోంది. దాని మెడ మీదా నా రాతే ఉంది, 2021 అని. రెండింటికీ ఒకటే ఎండ, ఒకటే వోల్టేజీ. మరి అది ఎందుకు బతికింది, ఇది ఎందుకు చచ్చింది?

రెండూ పక్కపక్కన పెట్టి తెరిచాను. పాతదాంట్లో పన్నెండు చుక్కలున్నాయి. మీ కంపెనీ దాంట్లో ఎనిమిది. రెండూ తొమ్మిది వాట్లే, రెండింటి వెలుగూ ఒకటే. ఎనిమిదికి పన్నెండు చుక్కల వెలుగు ఎక్కడి నుంచి వచ్చింది? కరెంటు ఎక్కువ పెట్టి తోశారు. పన్నెండు మంది కూలీలు కోయాల్సిన మిర్చి చేను ఎనిమిది మంది చేత కోయిస్తే వాళ్లు ఎన్నాళ్లు నిలబడతారు? ఒకడు కూలబడితే చాలు. చుక్కలన్నీ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి ఒకటి మాడిపోతే బల్బు మొత్తం ఆరిపోతుంది. నేను తెరిచిన ఇరవై అయిదింటిలో ఇరవై రెండింటికి ఒక చుక్క నల్లగా మాడి ఉంది. చుక్కల కింద ఉండే అల్యూమినియం పళ్లెం పట్టుకుంటే వంగిపోతోంది, బిస్కెట్ పాకెట్ లోపలి రేకులా ఉంది. వేడి ఎక్కడికి పోతుంది?

ఎండని తిట్టావు. మోటార్లని తిట్టావు. సీసాలని తిట్టావు. ఎనిమిది చుక్కల మాట మాత్రం ఎత్తలేదు. నీకు తెలియదా? నాన్న దగ్గర నాకంటే ముందు ఐరన్ పట్టుకున్నవాడివి నువ్వు.

పన్నెండుని ఎనిమిది చేసింది ఎవరు? సూటిగా చెప్పు.

జుబేదా

రషీదాని కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని పడుకోమను. ఆమె మీద నాకేం కోపం లేదు.


హైదరాబాద్
జూన్ 13

అక్కా,

నాలుగు సార్లు రాసి చించేశాను. ఇది ఐదోది.

పోయిన అక్టోబరులో డిజైన్ మార్చారు. పన్నెండు చుక్కల పళ్లెం తీసేసి ఎనిమిది పెట్టారు, పళ్లెం మందం తగ్గించారు. వెలుగు తగ్గకుండా కరెంటు పెంచారు. శాంపిల్ నా బల్ల మీదికి వచ్చింది. చేత్తో పట్టుకోగానే తెలిసిపోయింది. అరగంట వెలిగించి చూస్తే మెడ దగ్గర వేలు ఆగలేదు. మా మేనేజరుతో "సార్, ఇది ఎక్కువ రోజులు రాదు" అన్నాను. ఆయన నవ్వి, "ఏడాది వస్తుందా?" అన్నాడు. "ఏసీ ఇళ్లలో అయితే రావచ్చు" అన్నాను. "చాలు. ఏడాది తర్వాత గ్యారంటీ అడగడానికి పెట్టె ఎవడు దాస్తాడయ్యా? పోతే ఇంకోటి కొంటాడు" అన్నాడు. కాగితం నా ముందు పెట్టాడు. నేను సంతకం పెట్టాను.

ఆలోచన నాది కాదు, సంతకం మాత్రం నాదే.

మరి నీకెందుకు పంపానంటావు. డిసెంబరులో మాలో ప్రతి ఒక్కరూ ఇన్ని పెట్టెలు బయట అమ్మించాలన్నారు. నాకు తెలిసిన కొట్టు నీదొక్కటే. పోతే ఏడాది తర్వాత కదా పోయేది, అప్పటికి ఏదో ఒకటి సర్దవచ్చు అనుకున్నాను. నువ్వు మెడ మీద తారీకు వేసి ఇస్తావన్న సంగతే గుర్తు రాలేదు. గుర్తొచ్చినా పంపేవాణ్నేమో. అబద్ధం చెప్పను.

నీ ఫోను ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు తెలిసిందిగా.

నేను ఇట్లా ఉత్తరం రాశానని ఇక్కడ తెలిస్తే మర్నాడే వెళ్లగొడతారు. రషీదా ఆసుపత్రి కార్డు కూడా కంపెనీ మీదే ఉంది. అక్కా, నువ్వేమైనా చెప్పు, చుక్కల గురించి చెప్పు, కంపెనీని తిట్టు. నా పేరు మాత్రం ఎత్తకు. ఇంతకంటే అడగడానికి నాకు మొహం లేదు.

అమ్జద్


మాచవరం
జూన్ 23

అమ్జద్‌కి,

నిన్న ఆదివారం పొద్దున సెంటర్లో పంచాయితీ అయింది. ఎవరూ పిలవలేదు, నేనే పిలిచాను. వాళ్లు నన్ను పిలిచి నిలబెడితే తప్పుచేసినదాన్నవుతాను. నేనే పిలిస్తే నా మాట నేను చెప్పుకుంటాను.

షాపు ముందు బల్ల వేసి, అరవై మూడు చచ్చిన బల్బులూ వరసగా పెట్టాను. పక్కన ఐరన్, కటింగ్ ప్లేయరు. ఓ యాభై మంది పోగయ్యారు. ఆదిలక్ష్మమ్మ పిన్ని కుర్చీ తెప్పించుకుని ముందు వరసలోనే కూర్చుంది, ఎక్కడ ఒక్క మాట జారిపోతుందోనన్నట్టు. బాబాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ముందు నా తప్పు చెప్పాను. "ఇవి ముప్ఫై ఎనిమిది. వీటిని చంపింది నేను. పురుగులు పడకుండా సీసాలు బిగించాను, గాలి ఆడక ఉడికి చచ్చాయి. మీరు నన్ను తిట్టాల్సింది దీనికి. తిట్టండి" అన్నాను. ఎవరూ తిట్టలేదు. వెనక నుంచి ఎవరో "పురుగులు మాత్రం పడలా, ఆ మాట నిజమే" అన్నారు, అందరూ నవ్వారు.

తర్వాత మిగతా ఇరవై అయిదు చూపించాను. పాత బల్బు, కొత్త బల్బు వాళ్ల ముందే తెరిచి, చుక్కలు వాళ్ల చేతే లెక్కపెట్టించాను. మాడిన చుక్క చూపించాను. కరెంటు ఎక్కువ పెట్టి తోశారని, అందుకే తొందరగా పోతున్నాయని చెప్పాను. మందు ఏంటో కూడా చెప్పాను. నీకు తెలిసిందే కదా. సర్క్యూట్ మీద రెండు చిన్న రెసిస్టర్లు పక్కపక్కన ఉంటాయి, ఒకటి తీసేస్తే కరెంటు తగ్గుతుంది. వెలుగు కాస్త మందగిస్తుంది, బల్బు చల్లగా ఉంటుంది, చానా రోజులు బతుకుతుంది.

"తెరిచిన బల్బులు అమ్మానన్నారుగా! అమ్మేటప్పుడు ఒక్కటీ తెరవలేదు, తెరిచి చూసుకోకపోవడమే నా పొరపాటు. ఇప్పుడు తెరుస్తాను, మీ కళ్ల ముందే. మీ ఇళ్లలో ఇంకా బతికున్నవన్నీ పట్టుకురండి" అన్నాను.

అప్పుడు బాబాయ్ అడిగాడురా. "అంతా బాగానే ఉందమ్మా. మీ తమ్ముడేగా అక్కడ సంతకాలు పెట్టేది? వాడికి తెలుసా ఈ సంగతి?"

నీ ఉత్తరం నా రవికలోనే ఉంది. తీసి చదివితే అక్కడికక్కడ అయిపోయేది. తీయలేదు. "వాణ్నే అడగండి బాబాయ్" అన్నాను.

అంతే. పిన్ని లేచింది. "చూశారా! తమ్ముణ్ని అడగమంటది. చుక్కలంట, రెసిస్టర్లంట, మనకేం తెలుసు? పనికొచ్చినవేవో రెండు తెరిచి చూపించి మన కళ్లు కప్పుతోంది. సీసాల తప్పు ఒప్పుకున్నది గదా, మిగతాదీ అదే" అని పోయింది. సగం మంది ఆమె వెంట పోయారు. మిగిలినవాళ్లలో ఆరు ఇళ్లవాళ్లు బల్బులు తెచ్చారు. పందొమ్మిది తెరిచి బాగుచేసి ఇచ్చాను. గది విషయంలో బాబాయ్ గడువు తప్ప మాట మార్చలేదు. "నీ తమ్ముడి దగ్గర నుంచి ఒక్క ముక్క వచ్చినా నమ్మేవాణ్ని. జులై పదిహేను దాకా ఆగుతా, ఆ తర్వాత నావల్ల కాదు" అన్నాడు.

విను. నా తప్పు చెప్పడానికి నాకు నిమిషం పట్టలేదు. నీ పేరు దగ్గర ఆగిపోయాను. రషీదా గుర్తొచ్చింది, నువ్వు చిన్నప్పుడు ఐరన్ తగిలి బొబ్బ ఎక్కిన వేలు పట్టుకుని నా ఒళ్లో ఏడ్చింది గుర్తొచ్చింది. ఆగినందుకు నాకు సిగ్గుగా ఉంది. ఎవరికీ తల వంచలేదు గానీ, నీ కోసం అబద్ధంలాంటి మౌనం ఒకటి మింగాను. ఇంకోసారి మింగను.

నిన్ను ఏమీ అడగను. నీ పేరు చెప్పమని బతిమాలను, నీ ఉత్తరం ఎవరికీ చూపించను. గది ఖాళీ చేయాల్సి వస్తే బల్ల రోడ్డు మీద వేసుకుంటాను. మాచవరంలో రోడ్డు ఎవడి సొత్తూ కాదు. ఊరు వదిలి మాత్రం పోను. దొంగ బల్బులమ్మి పారిపోయిందని వీళ్ల మనవళ్లు కూడా చెప్పుకుంటారు, ఆ అవకాశం ఇవ్వను.

జుబేదా


హైదరాబాద్
జులై 4

అక్కా,

సోమవారం ఇంకో శాంపిల్ నా బల్ల మీదికి వచ్చింది. ఆరు చుక్కలు. పళ్లెం ఇంకా పల్చన. పక్కనే కాగితం, పైన పెన్ను.

నీ ఉత్తరం అప్పటికే మూడు రోజులుగా నా చొక్కా జేబులో ఉంది. పెన్ను తీసుకున్నాను. "ఇది ఆరు నెలలు కూడా రాదు. అంగీకరించడం లేదు" అని రాసి కింద సంతకం పెట్టాను. మేనేజరు నన్ను, కాగితాన్ని మార్చి మార్చి చూసి, "నీకేమైనా పిచ్చా?" అన్నాడు. సాయంత్రం గేటు దగ్గర కార్డు, ఫోను తీసేసుకున్నారు.

రషీదాకి ఎట్లా చెప్పాలో తెలియక బస్టాపులో గంట కూర్చున్నాను. చెప్పాను. "ఆరు చుక్కలకి కూడా సంతకం పెట్టి ఉంటే నేనే మీ అక్క దగ్గరికి పోయి చెప్పేదాన్ని" అంది. కాన్పు ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకుంటానంది. "అక్కడ పుట్టినవాళ్లు పిల్లలు కారా?" అంది. నాకు భయంగానే ఉంది. కానీ అక్టోబరు తర్వాత ఇంతగా నిద్ర పట్టింది ఇప్పుడే.

వేరే కాగితం పెట్టాను, చూడు. అది నీకు కాదు, ఊరికి. చదివి వినిపించు. నా పేరుతో సహా.

అమ్జద్

మాచవరం గ్రామస్తులకు,

నేను ముర్తుజా రేడియో షాపు ముర్తుజా గారి కొడుకును, అమ్జద్‌ని. మీరు మా అక్క దగ్గర కొన్న తొమ్మిది వాట్ల బల్బులు తొందరగా పోతాయని నాకు ముందే తెలుసు. తెలిసీ సంతకం పెట్టాను. తెలిసీ మా అక్కకి పంపాను. ఆమెకి ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె అమ్మినవన్నీ పెట్టె విప్పని కొత్త బల్బులే. సీసాల సంగతి ఆమె మీకు చెప్పింది. ఎనిమిది చుక్కల సంగతి నేను చెప్పాల్సింది, చెప్పలేదు. మీరు అనాల్సిన మాటలు నన్ను అనండి.

షేక్ అమ్జద్


మాచవరం
జులై 14

అమ్జద్,

నీ కాగితం నేను చదవలేదు. నేను చదివితే నేనే రాసుకున్నానంటారు. తిన్నగా ఆదిలక్ష్మమ్మ పిన్ని ఇంటికి పోయి, ఆమె చేతిలో పెట్టి, "సెంటర్లోకొచ్చి నువ్వే చదువు పిన్నీ. ఎక్కడ మొదలుపెట్టావో అక్కడే చదువు" అన్నాను. అక్కడే విప్పబోయింది. "ఇక్కడ కాదు" అన్నాను. కళ్లజోడు వెతుక్కుని నా వెనకే వచ్చింది.

నిన్న మళ్లీ అదే బల్ల, అదే జనం. ఈసారి ఇంకా ఎక్కువమంది. పిన్ని గట్టిగా మొదలుపెట్టింది. "తెలిసీ సంతకం పెట్టాను" దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. "ఆమెకి ఒక్క ముక్క చెప్పలేదు" అన్నది మనసులో చదువుకుని ఆగిపోయింది. "గట్టిగా పిన్నీ, వెనకవాళ్లకి వినపడలా" అన్నాను. కోపంగా చూసింది. కానీ గట్టిగానే చదివింది, నీ పేరు దాకా.

చదివాక కాగితం మడిచి నా చేతికిచ్చింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి తుడిచి, "వాడు తప్పు చేసి పేరు రాసి పంపాడు. నేను అన్న మాటలకి నా పేరు ఎక్కడ రాయాలే?" అంది.

"రాయొద్దు. అన్న చోటే అను" అన్నాను.

అంది. "జుబేదా కొత్తవే అమ్మింది. నేనే నోరు పారేసుకున్నా" అని, వీధి మొత్తానికీ వినపడేట్టు. ఆమె నోటికి మైకు అక్కర్లేదని నీకు తెలుసుగా. కన్నీళ్లు పెట్టుకోలేదు, నేనూ పెట్టుకోలేదు. ఇద్దరం అట్లా ఎదురెదురుగా నిలబడ్డాం.

బాబాయ్ దగ్గరికొచ్చి, "గది సంగతి మర్చిపోమ్మా" అని గొణిగాడు. "ఖాళీ చెయ్యమన్నది అందరికీ వినపడింది బాబాయ్. ఇది కూడా వినపడనీ" అన్నాను. ఒకసారి దగ్గి, "గది జుబేదాదే. ఎన్నాళ్లుంటానంటే అన్నాళ్లు" అని అరిచాడు. అప్పుడు బల్ల లోపలికి జరిపాను.

ఇక నీ సంగతి. ఇప్పుడు ఊరంతా నీ పేరు తిడుతోంది. నిన్న టీ కొట్టు దగ్గర ఒకడు మరీ ఎక్కువ మాట్లాడితే, "సంతకం పెట్టనన్నాడని ఉద్యోగం పోయింది వాడికి, ఆ ముక్క కూడా చేర్చుకుని తిట్టు" అన్నాను. నిన్ను వెనకేసుకొచ్చాననుకోకు. తిట్టేవాళ్లకి లెక్క సరిగా ఉండాలని చెప్పాను. నేను ఇంకా క్షమించలేదు. క్షమిస్తానో లేదో కూడా తెలియదు. ఆరు చుక్కల కాగితం మీద నువ్వు రాసింది మాత్రం నాలుగు సార్లు చదువుకున్నాను.

మీ ఇద్దరూ వచ్చేయండి. రషీదాకి నరసరావుపేటలో చూపిద్దాం, మా ఇంట్లో ముందు గది ఖాళీగానే ఉంది. పనికి కొదవ లేదు. పన్నెండు చుక్కలవి, ఎనిమిది చుక్కలవి, రేపు ఆరు చుక్కలవి, పోయే బల్బులు ఊరికి రోజూ తయారవుతూనే ఉంటాయి. వాటిని పారేయకుండా బతికించేవాళ్లే తక్కువ.

కానీ షాపులో కూర్చునే ముందు ఒక పని ఉంది. ఊళ్లో ఇంకా యాభై ఎనిమిది బల్బులు బతికున్నాయి, మీ కంపెనీవి. నేను పందొమ్మిదింటితో ఆపేశాను. మిగతావి ముట్టుకోను. అవి నీవి. ఐరన్ పట్టుకుని ఇంటింటికీ నువ్వే పో. తలుపు కొట్టి, ఫలానా అమ్జద్‌ని అని నీ పేరు చెప్పు. తిడతారు, నిలబడి విను. మధ్యలో సంజాయిషీ చెప్పకు. వాళ్లు తిట్టడం అయిపోయాక స్టూలు అడుగు.

ఆదిలక్ష్మమ్మ పిన్ని ఇంటితో మొదలుపెట్టు. ఆమె తిట్టడం మొదలుపెడితే తెమలదు, కాబట్టి పొద్దున్నే పో.

అక్క
జుబేదా